ఆసుపత్రుల పరిశుభ్రత, కీటక నివారణ: వికారాబాద్–తాండూరు ప్రాంతం ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఆసుపత్రి పరిశుభ్రత అనే భావన ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో రూపుదిద్దుకున్నదో వివరించగలరు.
• ప్లేగు, మలేరియా అనుభవాలు హైదరాబాద్ రాజ్యంలోని వైద్య వ్యవస్థను ఎలా మార్చాయో చెప్పగలరు.
• డి.డి.టి. యుగం సాధించిన ఫలితాలను, దాని పరిమితులను అంచనా వేయగలరు.
• కరణ్‌కోట, తాండూరు వంటి చోట్ల నేటి నర్సింగ్ హోమ్‌ల ముందున్న సమస్యను చరిత్ర వెలుగులో చర్చించగలరు.

7.1 పరిచయం

చరిత్ర అనగానే మీకు రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తుకు రావచ్చు. ఎలుకకు, దోమకు, బొద్దింకకు కూడా చరిత్రలో స్థానం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దక్కను ప్రజలు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకోవడానికి కారణం శత్రు సైన్యం కాదు, ఇంటి దూలం మీది ఎలుక. ఈ పాఠంలో మనం ఆసుపత్రిలోకి చొరబడే ప్రాణుల గురించి, వాటిని బయట ఉంచడానికి మనిషి చేసిన ప్రయత్నాల గురించి తెలుసుకుంటాం.

ముందుగా ఒక మాటను స్పష్టం చేసుకుందాం. ఇంగ్లండు వంటి దేశాల్లో ఇప్పుడు నర్సింగ్ హోమ్ అంటే వృద్ధులను కనిపెట్టుకొని చూసే నివాసం. మన ప్రాంతంలో ఆ మాటకు అర్థం వేరు. పది, ఇరవై మంచాలతో, ఒకరిద్దరు డాక్టర్లతో నడిచే చిన్న ప్రైవేటు ఆసుపత్రిని మనం నర్సింగ్ హోమ్ అంటున్నాం. కాన్పులు, చిన్న ఆపరేషన్లు, జ్వరాలు ఎక్కువగా అక్కడికే వస్తాయి. ఈ పాఠంలో ఆ మాటను మన అర్థంలోనే వాడుతున్నాం.

మన పరిశీలనకు వికారాబాద్ జిల్లాలోని తాండూరును, దాని పక్కనే ఉన్న కరణ్‌కోటను ఆధారంగా తీసుకుందాం. తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో తెలుగు రాష్ట్రంలో చేరింది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో నేడు భాగంగా ఉంది. నాపరాళ్లకు, కందులకు పేరుపడిన ఈ ప్రాంతంలో కరణ్‌కోట సున్నపురాయి నిక్షేపాల ఆధారంగా సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం నెలకొన్నది. రాయి, ధాన్యం, రైలు అనే మూడూ ఒకచోట కలిసిన ఊరు కాబట్టి మన అంశానికి ఇది తగిన ఉదాహరణ. అది ఎలాగో పాఠం సాగేకొద్దీ మీకే తెలుస్తుంది.

7.2 పరిశుభ్రత వైద్యంలో భాగం కావడం

ఆసుపత్రి శుభ్రంగా ఉండాలన్నది నేడు మనకు చెప్పనక్కరలేని విషయం. పంతొమ్మిదో శతాబ్దం మధ్య వరకు వైద్యులకే అది తెలియదు. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ఒక తేడాను గమనించాడు. వైద్య విద్యార్థులు కాన్పు చేసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారు. మంత్రసానులు చూసే వార్డులో తక్కువగా చనిపోతున్నారు. విద్యార్థులు శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పు గదికి వస్తున్నారు. క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుక్కోవాలని ఆయన నియమం పెట్టగానే మరణాలు బాగా తగ్గాయి. అయినా తోటి వైద్యులు చాలామంది ఆయన మాటను అంగీకరించలేదు. తమ చేతులే రోగాన్ని మోస్తున్నాయని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

క్రిమియా యుద్ధ కాలంలో, 1854లో, ఫ్లారెన్స్ నైటింగేల్ టర్కీలోని స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లింది. గాయాల వల్ల చనిపోయేవారి కంటే రోగాల వల్ల చనిపోయేవారే అక్కడ ఎక్కువ. 1855లో వచ్చిన పారిశుద్ధ్య సంఘం ఆసుపత్రి కింది మురుగు కాలువలను శుభ్రం చేయించి, గదుల్లో గాలి ఆడే ఏర్పాటు చేసిన తర్వాత మరణాలు తగ్గుముఖం పట్టాయి. ఆ తర్వాత నైటింగేల్ మన దేశంలోని సైనిక శిబిరాల పారిశుద్ధ్యం మీద కూడా శ్రద్ధ పెట్టింది. 1859లో నియమితమై 1863లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ పనిలో ఆమె పాత్ర పెద్దది. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుద్ధి చేసే పద్ధతిని ప్రకటించాడు.

ఈ ముగ్గురి అనుభవంలో ఒక సామాన్యాంశం ఉంది. రోగి ఆసుపత్రికి తెచ్చుకున్న రోగం వేరు, ఆసుపత్రి రోగికి అంటించే రోగం వేరు. రెండోదానికి బాధ్యత ఆసుపత్రిదే. ఈ గుర్తింపు నుంచే ఆసుపత్రి పరిశుభ్రత చరిత్ర మొదలవుతుంది. అయితే అప్పటికి చేతులు, కాలువలు, పనిముట్లు మాత్రమే వైద్యుల దృష్టిలో పడ్డాయి. కీటకాలు, ఎలుకలు రోగాన్ని మోస్తాయన్న విషయం తెలియడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది.

7.3 ప్లేగు: ఎలుక నేర్పిన పాఠం

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. దానికి రెండేళ్ల ముందే, 1894లో, హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. అది మనిషికి ఎలా చేరుతున్నదో మాత్రం ఎవరికీ తెలియదు. 1898లో కరాచీలో పనిచేస్తున్న పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ గుట్టు విప్పాడు. ఎలుక ఒంటిమీద ఉండే ‘ఫ్లీ’ అనే రెక్కల్లేని చిన్న పురుగు దాని రక్తం పీలుస్తుంది. ప్లేగుతో ఎలుక చనిపోగానే ఆ పురుగు చల్లబడిన శరీరాన్ని వదిలి మరో ప్రాణిని వెతుక్కుంటుంది. ఆ ప్రాణి మనిషైతే ప్లేగు మనిషికి వస్తుంది. సిమాండ్ మాటను చాలామంది వెంటనే నమ్మలేదు. 1905 తర్వాత బొంబాయిలో జరిగిన పరిశోధనలు దాన్ని నిర్ధారించాయి.

దీని వల్ల తెలిసిన ఒక ఆచరణాత్మక విషయాన్ని మీరు గుర్తుంచుకోవాలి. ప్లేగు ఉన్నచోట ఎలుకలను మాత్రమే చంపితే ప్రమాదం తగ్గదు, కొంతకాలం పెరుగుతుంది. ఆతిథ్యమిచ్చే ఎలుక పోయిన పురుగులన్నీ మనుషుల మీద పడతాయి. ముందు పురుగును అదుపు చేసి, తర్వాత ఎలుకను పట్టాలి. తొందరపడి చేసిన నివారణ కొత్త ముప్పు తెచ్చిపెట్టవచ్చు. ఈ సూత్రం మనకు మళ్లీ ఎదురవుతుంది.

తాండూరు, వికారాబాద్ మీదుగా సాగే వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం 1874లో మొదలైంది. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు మార్గంతో కలుస్తుంది. దేశంలో ఎక్కడైనా ప్లేగు వ్యాపించిన తీరులో ధాన్యం రవాణాకు పెద్ద పాత్ర ఉంది. బస్తాలతో పాటు ఎలుకలు, వాటితో పాటు ఫ్లీలు ప్రయాణం చేసేవి. 1911 నాటికి ప్లేగు హైదరాబాద్ నగరంలో విజృంభించింది.

దీనికి మూడేళ్ల ముందే, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. మూసీ పుట్టింది వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లోనే అన్న విషయం మీకు తెలిసే ఉంటుంది. ఆ వరదలో నది ఒడ్డునున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దెబ్బతిన్నది. దాని తర్వాత 1920లలో ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. వరద, ప్లేగు అనే రెండు దెబ్బల తర్వాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పు వీధులు, గాలి వెలుతురు ఉన్న ఇళ్లు కట్టే పని చేపట్టింది.

అంటువ్యాధుల కోసం 1915లో ఎర్రన్నగుట్ట దగ్గర ఒక ప్రత్యేక ఆసుపత్రిని నెలకొల్పారు. 1923లో దాన్ని నల్లకుంటకు తరలించారు. నేడు ఫీవర్ ఆసుపత్రిగా పిలుస్తున్నది దీన్నే. పాతతరం వాళ్లు దాన్ని ‘కోరంటి దవాఖాన’ అనేవారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట కోరంటి అయింది. మూల పదానికి ఇటలీ భాషలో నలభై రోజులని అర్థం. రేవుకు వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా ఆపి ఉంచే ఆచారం నుంచి అది పుట్టింది. రోగిని ఊరి నుంచి వేరుచేయడమే ఆ కాలంలో తెలిసిన ప్రధాన రక్షణ.

వేరుచేయడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. బ్రిటిష్ ఇండియాలో 1897 నాటి అంటువ్యాధుల చట్టం అధికారులకు విస్తృతమైన అధికారాలు ఇచ్చింది. పూనాలో సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేశారు, సామాన్లు తగలబెట్టారు. ప్రజల ఆగ్రహం పెరిగింది. 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. పరిశుభ్రత ఎంత మంచిదైనా, ప్రజల మర్యాదను కాలరాసి తెస్తే అది నిలవదని ఈ సంఘటన చెబుతుంది.

7.4 సికింద్రాబాద్‌లో ఒక దోమతెర

ప్లేగు రోజుల్లోనే, తాండూరు రైలు చేరే సికింద్రాబాద్‌లో, ప్రపంచ వైద్య చరిత్రను మార్చిన పరిశోధన జరిగింది. ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరుగా ఉన్న రోనాల్డ్ రాస్ 1895లో అక్కడికి బదిలీ అయ్యాడు. మలేరియాను దోమ మోస్తుందా అన్నది అతని ప్రశ్న. రెండేళ్లు సరైన జాతి కాని దోమలను కోసి చూస్తూ విసిగిపోయాడు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు అతనికి దొరికాయి. అవి అనాఫిలిస్ జాతివి.

రాస్ ప్రయోగం చేసిన తీరును శ్రద్ధగా గమనించండి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టాడు. పిల్ల దశ నుంచి పెంచిన దోమలను తెరలోకి వదిలాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రోగికి ఇచ్చాడు. ఆ దోమలను కొన్ని రోజులు బతికించి, ఒక్కొక్కదాన్నే కోసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కణాలు కనిపించాయి. ఆ రోజునే నేడు ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి దోమకాటు ద్వారానే వ్యాధి చేరుతుందని రాస్ నిరూపించాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం మనుషుల మలేరియాకు కూడా అనాఫిలిస్ దోమే కారణమని తేల్చింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఒక నర్సింగ్ హోమ్ వార్డును ఊహించుకోండి. కిటికీకి జాలీ లేదు, మంచానికి దోమతెర లేదు. ఒక మంచం మీద మలేరియా రోగి ఉన్నాడు. వెనుక పెరట్లో నీరు నిలిచింది. రాస్ పరిశోధన కోసం కష్టపడి సమకూర్చుకున్న పరిస్థితి ఇక్కడ నిర్లక్ష్యం వల్ల తనంతట తానే సమకూరింది. తేడా ఒక్కటే. రాస్ దోమలు తెర లోపలే ఉన్నాయి. ఇక్కడి దోమలకు ఊరంతా తెరిచే ఉంది. దోమ ఒంట్లో పరాన్నజీవి ఎదగడానికి సుమారు పది రోజులు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది కాబట్టి పక్క మంచం రోగి అప్పటికి ఇంటికి వెళ్లిపోయి ఉండవచ్చు. ఆయా, వాచ్‌మన్, ఎదురింటి పిల్లలు మాత్రం అక్కడే ఉంటారు.

తన పరిశోధన తర్వాత రాస్ ఏం చెప్పాడన్నది మన పాఠానికి మరింత ముఖ్యం. దోమలను ఒక్కొక్కటిగా చంపడం కంటే అవి పుట్టే నీటిని తొలగించాలని అతను వాదించాడు. అందుకోసం దోమల నివారణ దళాలను ఏర్పాటు చేయాలని 1902లో పుస్తకం రాశాడు. అదే ఏడాది సూయజ్ కాలువ పట్టణమైన ఇస్మాయిలియాలో ఆ పద్ధతిని అమలు చేయించాడు.

7.5 మందు మీద నమ్మకం: డి.డి.టి. యుగం

1939లో స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ డి.డి.టి.కి కీటకాలను చంపే శక్తి ఉందని కనుగొన్నాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. గోడ మీద ఒకసారి చల్లితే నెలల తరబడి దోమలను చంపే మందు దొరికాక గుంటలు పూడ్చడం, కాలువలు తీయడం వంటి శ్రమ వెనకబడింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. ఇంటింటికీ మందు చల్లే సిబ్బంది వచ్చి, చల్లిన తేదీని గోడ మీద రాసి వెళ్లడం ఆ తరం వాళ్లకు బాగా జ్ఞాపకం. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు తగ్గాయి. మానవ చరిత్రలో ఇది చిన్న విజయం కాదు.

ఆ విజయం నిలవలేదు. దోమలు మందుకు అలవాటుపడ్డాయి. నిఘా సడలింది. పట్టణాలు పెరిగి, నీటి తొట్లు, పునాది గుంటలు పెరిగాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. 1977లో ప్రభుత్వం నిర్మూలన లక్ష్యాన్ని పక్కనపెట్టి సవరించిన కార్యాచరణను చేపట్టింది. ఈలోగా 1962లో రేచల్ కార్సన్ పుస్తకం పురుగుమందుల వల్ల పక్షులకు, నేలకు, నీటికి జరిగే హానిని లోకం దృష్టికి తెచ్చింది. మన దేశంలో 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. మందుల తయారీ, అమ్మకం, వాడకం మీద నియంత్రణ ఏర్పడింది. డబ్బు తీసుకొని కీటక నివారణ చేసేవారికి లైసెన్సు ఉండాలన్నది ఈ చట్టం కింది నియమాల నుంచి వచ్చినదే.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. డి.డి.టి. విఫలమైందా? పూర్తిగా కాదు. మందు తన పని తాను చేసింది. మందు ఉంది కదా అని మనిషి తన పని మానుకున్నాడు. ఈ తేడాను గుర్తించడం చరిత్ర విద్యార్థికి అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) ప్లేగు ఉన్నచోట ఎలుకలను మాత్రమే చంపితే ప్రమాదం ఎందుకు పెరుగుతుంది?
(ఆ) 1965, 1976 మలేరియా కేసుల సంఖ్యలను పోల్చి, మార్పుకు రెండు కారణాలు రాయండి.

7.6 కరణ్‌కోట, తాండూరు: రాయి, నీరు, ధాన్యం

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. వికారాబాద్ వైద్యానికి పాత చరిత్రే ఉంది. అక్కడి మెథడిస్టు మిషన్ ఆసుపత్రి, అనంతగిరి కొండ మీది నిజాం కాలం నాటి క్షయ శానటోరియం ఆ చరిత్రకు గుర్తులు. క్షయకు సరైన మందు లేని రోజుల్లో శానటోరియం అంటే మంచి గాలి, ఎండ, విశ్రాంతి, పోషకాహారం, పరిశుభ్రత. భవనమే మందుగా పనిచేయాలన్న ఆలోచన అది. మందులు వచ్చాక ఆ ఆలోచనను మనం చాలావరకు మరచిపోయాం.

తాండూరు వైపు నేల స్వభావం వేరు. ఇక్కడ నాపరాయి గనులు విస్తారంగా ఉన్నాయి. రాయి తీసి వదిలేసిన గోతుల్లో వానాకాలం నీరు నిలుస్తుంది. పల్లె మలేరియాకు ముఖ్య కారణమైన అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ దోమ ఇలాంటి తేట నీటి గుంటల్లో గుడ్లు పెడుతుంది. రాతి పాలిషింగ్ యూనిట్లలో నీరు నిరంతరం వాడతారు. సిమెంటు, రాతి పనుల కోసం వేరే ఊళ్ల నుంచి కూలీలు వస్తారు. వాళ్లతో పాటు ఒంట్లో దాగిన మలేరియా కూడా ప్రయాణం చేయగలదు. నీటి గుంట, దోమ, పరాన్నజీవిని మోసే మనిషి అనే మూడూ కలిసినప్పుడే మలేరియా వ్యాపిస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా గొలుసు తెగుతుంది.

ధాన్యం సంగతి వేరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. కంది మార్కెట్టు, పప్పు మిల్లులు, గోదాములు ఉన్న ఊళ్లో ఎలుకలకు తిండికి కొదవ ఉండదు. అలాంటి ఊళ్లో నర్సింగ్ హోమ్ కట్టుకున్న డాక్టరు ఎలుకలు రావన్న ధీమాతో ఉండలేడు. అవి వస్తాయన్న లెక్కతోనే తలుపు కింది సందు, మురుగు గొట్టం మూత, పైకప్పు కింద వైర్లు వచ్చే రంధ్రం చూసుకోవాలి. చిన్న ఎలుక మన బొటనవేలు కూడా పట్టని సందులోంచి దూరగలదు.

ఇక రాతిపొడి. నాపరాళ్ల ఊళ్లో దుమ్ము గాలిలోనే ఉంటుంది. చీపురుతో పొడిగా ఊడిస్తే దుమ్ము లేచి, దానితో పాటు సూక్ష్మక్రిములు కూడా లేచి మళ్లీ మంచాల మీదే పడతాయి. అందుకే వార్డుల్లో తడిగుడ్డతో తుడవాలని ఆసుపత్రి నియమాలు చెబుతాయి. మన నర్సింగ్ హోమ్‌ల నేల కూడా తరచుగా నాపరాయే. రాయి గట్టిది, కడగడానికి అనువైనది. బండల అతుకుల్లో సిమెంటు ఊడిపోతే మాత్రం ఆ సందులే చీమలకు, బొద్దింకలకు ఇళ్లవుతాయి. ఒక మేస్త్రీ అరపూట చేసే అతుకుల పని ఎన్నో డబ్బాల మందు కంటే మేలు చేస్తుంది.

7.7 చట్టం నర్సింగ్ హోమ్ గుమ్మం దాకా రావడం

1980ల నుంచి తెలుగు ప్రాంతంలోని చిన్న పట్టణాల్లో నర్సింగ్ హోమ్‌లు పెరిగాయి. నివాసానికి కట్టిన ఇళ్లనే చాలాచోట్ల ఆసుపత్రులుగా మార్చారు. వంటగది ఆపరేషన్ గదిగా, వరండా వార్డుగా మారాయి. ఇంటికి సరిపోయిన మురుగు కాలువ ఇరవై మంది రోగులకు సరిపోదు.

బొంబాయి రాష్ట్రంలో నర్సింగ్ హోమ్‌ల నమోదుకు 1949లోనే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణ చట్టం 2002లో వచ్చింది. అంతకు ముందే, 1998లో, కేంద్ర ప్రభుత్వం జీవవైద్య వ్యర్థాల నియమాలను తెచ్చింది. వాటి స్థానంలో 2016లో కొత్త నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం శరీర భాగాలు, రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో వేయాలి. గొట్టాలు, ప్లాస్టిక్ సామగ్రి ఎరుపు సంచిలో, సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం డబ్బాలో వేయాలి. శరీర వ్యర్థాలను, రక్తం అంటిన వ్యర్థాలను శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి నిలవ ఉంచరాదు.

ఈ నియమానికి, కీటక నివారణకు ఉన్న సంబంధాన్ని గమనించండి. కాన్పులు చేసే నర్సింగ్ హోమ్‌లో పసుపు సంచి రెండు రోజులకు మించి మూల పడి ఉంటే ఎలుకకు, కుక్కకు, ఈగకు అంతకు మించిన పిలుపు అక్కరలేదు. వ్యర్థాలను వేరుచేయడం, సమయానికి పంపడం అన్నవే మొదటి కీటక నివారణ చర్యలు.

2015 మే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల కోసం ‘కాయకల్ప్’ అనే పరిశుభ్రతా బహుమతుల పథకాన్ని ప్రారంభించింది. మార్కులు వేసే అంశాల్లో కీటకాల, జంతువుల నివారణకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కరిచిన నవజాత శిశువు మరణించిన సంఘటన రాష్ట్రాన్ని కుదిపింది. 2022 మార్చిలో వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో ఐ.సి.యు.లో ఉన్న రోగిని ఎలుకలు కరిచాయి. పెద్ద ఆసుపత్రుల్లో జరిగినవి కాబట్టి ఇవి పత్రికల్లోకి వచ్చాయి. కదలలేని రోగి, ఏడవడం తప్ప ఏమీ చెప్పలేని శిశువు తమను తాము కాపాడుకోలేరు. మందు పని చేసినా చేయకపోయినా, వాళ్లకు కాపలా ఉండడం ఆసుపత్రి కనీస ధర్మం.

7.8 చల్లడమా, ఆపడమా?

నేటి కీటక నివారణ శాస్త్రం ఒక సులభ సూత్రం మీద నడుస్తుంది. ప్రతి ప్రాణికీ తిండి, నీరు, దాగే చోటు కావాలి. ఈ మూడింటినీ అందనీయకుండా చేస్తే అది నిలవదు. మందు చివరి ఆయుధం. ఈ పద్ధతిని సమగ్ర కీటక యాజమాన్యం అంటారు. మీరు వ్యవసాయంలో సమగ్ర సస్యరక్షణ గురించి విని ఉంటే, ఇది దానికి తోబుట్టువే.

ఆసుపత్రిలో మందు చల్లడంలో ప్రత్యేకమైన చిక్కులున్నాయి. రోగులున్న గదిలో పొగ వేస్తే ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు హాని. విషం తిన్న ఎలుక పైకప్పులో చచ్చి కుళ్లితే కొత్త సమస్య. అందుకే లోపల బోన్లు, జిగురు అట్టలు వాడి, విషపు ఎరను బయట, తాళం వేసిన పెట్టెల్లో ఉంచుతారు. ఆసుపత్రుల్లో ఫారో చీమ అనే చిన్న పసుపు రంగు చీమ గాయాల కట్ల దాకా చేరుతుంది. దాని మీద మందు చల్లితే ఒక పుట్ట చీలి నాలుగు పుట్టలవుతుంది. నెమ్మదిగా పనిచేసే ఎర పెడితే చీమలే దాన్ని పుట్టలోకి మోసుకుపోయి రాణితో సహా నశిస్తాయి. ప్లేగు కాలంలో ఎలుకల విషయంలో నేర్చుకున్న సూత్రమే ఇక్కడా కనిపిస్తున్నది కదా.

డెంగీని మోసే ఏడిస్ దోమ ఇంటి నీటిలోనే పుడుతుంది. కూలర్ తొట్టి, మూత లేని ట్యాంకు, పాత టైరు, ఫ్రిజ్ వెనుక పళ్లెం దానికి చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికి ఒకరోజు నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే ‘డ్రై డే’ వెనుక ఉన్న లెక్క ఇదే. రాస్ 1902లో చెప్పిన మాటకు ఇది నేటి రూపం.

చివరగా ఈ పని చేసేవారి గురించి ఆలోచించాలి. వార్డు తుడిచే ఆయా, వ్యర్థాలు మోసే కార్మికుడు లేనిదే పై నియమాలన్నీ కాగితం మీదే ఉంటాయి. మన సమాజం ఈ పనిని కొన్ని కులాలకు అంటగట్టి, చేసేవారిని చిన్నచూపు చూసింది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో, మళ్లీ మరింత కట్టుదిట్టంగా 2013లో చట్టాలు చేయవలసి వచ్చింది. గ్లోవ్స్, బూట్లు, టీకాలు, సరైన జీతం ఇవ్వని ఆసుపత్రి తన మొదటి రక్షణ గోడను తానే బలహీనం చేసుకుంటుంది. పూనా అనుభవం బలవంతపు పరిశుభ్రత నిలవదని చెప్పింది. అవమానంతో చేయించే పరిశుభ్రత కూడా నిలవదు.

7.9 సారాంశం

ఆసుపత్రి పరిశుభ్రత చరిత్రలో మనకు మూడు దశలు కనిపిస్తాయి. మొదటి దశలో రోగిని వేరుచేశారు. కోరంటి దవాఖాన దాని గుర్తు. రెండో దశలో రోగాన్ని మోసే ప్రాణిని మందుతో చంపారు. డి.డి.టి. దాని గుర్తు. మూడో దశలో ఆ ప్రాణికి తిండి, నీరు, నీడ లేకుండా చేస్తున్నారు. మూత ఉన్న ట్యాంకు, జాలీ ఉన్న కిటికీ, సమయానికి వెళ్లిపోయే పసుపు సంచి దాని గుర్తులు. మూడో దశ పూర్తిగా కొత్తది కాదు. సికింద్రాబాద్ దోమతెర నుంచి రాస్ నేర్చుకున్నదీ, అనంతగిరి శానటోరియం ఆచరించినదీ అదే. ఒక దశ వచ్చిందని ముందు దశ పాఠాన్ని మరచిపోయినప్పుడల్లా రోగమే లాభపడింది. కరణ్‌కోట గని గోతిలో నిలిచిన నీరు, తాండూరు గోదాములోని ఎలుక, నర్సింగ్ హోమ్ బండల సందు ఈ చరిత్ర ఇంకా ముగియలేదని చెబుతున్నాయి.

7.10 క్షేత్ర కృత్యం

మీ ఊళ్లోని ఒక ఆసుపత్రికి, అనుమతి తీసుకొని, వెళ్లండి. కిటికీల జాలీలు, నీటి ట్యాంకుల మూతలు, మురుగు కాలువ, వ్యర్థాల డబ్బాలు, నేల అతుకులు గమనించి ఒక పేజీ నివేదిక రాయండి. అక్కడ పనిచేసే పారిశుద్ధ్య కార్మికులతో మాట్లాడి, వాళ్లకు కనిపించే ఇబ్బందులను వాళ్ల మాటల్లోనే నమోదు చేయండి. ఆసుపత్రి పేరు, వ్యక్తుల పేర్లు నివేదికలో రాయవద్దు.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ప్లేగు, మూసీ వరద హైదరాబాద్ నగర వైద్య, పారిశుద్ధ్య వ్యవస్థల మీద చూపిన ప్రభావాన్ని వివరించండి.
2. ‘డి.డి.టి. మందు తన పని తాను చేసింది, మనిషి తన పని మానుకున్నాడు.’ ఈ అభిప్రాయాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రోనాల్డ్ రాస్ 1897 ప్రయోగానికీ, దోమతెరలు లేని వార్డుకూ ఉన్న పోలికను రాయండి.
2. జీవవైద్య వ్యర్థాల నియమాలు కీటక నివారణకు ఎలా తోడ్పడతాయి?
3. తాండూరు ప్రాంతపు భౌగోళిక, ఆర్థిక పరిస్థితులు ఆసుపత్రి పరిశుభ్రత మీద ఎలాంటి ప్రభావం చూపుతాయి?